మీకు తెలుసా? లైను ఒక్కటే, నెట్‌వర్క్‌లు వేరు

మీ ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్ తెరిచి ఐపీ అడ్రస్ ఒకసారి చూడండి. చాలామందికి అది 192.168తో మొదలవుతుంది. సీలేరులో బడి కంప్యూటర్‌కూ, అరకులో హోటల్ గది టీవీకీ, విశాఖలో మీ పక్కింటి ప్రింటర్‌కూ అచ్చంగా అదే నంబరు ఉండొచ్చు. అయినా ఒకదానికొకటి అడ్డు రావు. ఆ నంబర్లు గడప దాటవు మరి. ఇలాంటి పాత పద్ధతి అడ్రసులు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే, మనిషికి ఒకటి కూడా రాదు. అందుకే 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఎవరైనా లోపల వాడుకోవచ్చని 1996 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ ప్రమాణాల్లో రాసిపెట్టారు.

గడప దాటని నంబరుతో బయటి లోకంతో మాట్లాడేదెలా? బడిలో 192.168.10.15 అనే కంప్యూటర్ ఒక పాఠం వీడియో అడిగిందనుకోండి. ఆ కబురు ముందు లోపలికీ బయటికీ మధ్య కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టెకు చేరుతుంది. పెట్టె అందులో పంపినవారి అడ్రస్ తీసేసి, సర్వీసువాళ్లు ఇచ్చిన ఒకే ఒక్క బయటి అడ్రస్ వేస్తుంది. దాని పక్కన ఒక పోర్టు నంబరు, 40112 అనుకుందాం, తగిలిస్తుంది. 40112 ఎవరిదో తన పట్టికలో రాసుకుంటుంది. జవాబు ఆ నంబరు మీద తిరిగిరాగానే పట్టిక చూసి బడి కంప్యూటర్‌కు అందిస్తుంది. ఎవరూ అడగకుండా బయటినుంచి వచ్చినదానికి పట్టికలో చోటుండదు కాబట్టి అది అక్కడే ఆగిపోతుంది. ఇదంతా రెప్పపాటులో, ఒకేసారి వేల కబుర్లకు జరుగుతుంది. ఈ పద్ధతి పేరు నాట్. కెల్డ్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు 1994 మేలో దీని మూల రూపాన్ని రాశారు. అదే ఏడాది అమెరికాలో జాన్ మేయెస్, బ్రాంట్లీ కాయిల్ ‘పిక్స్’ అనే పెట్టెను తెచ్చారు. నాలుగైదు బయటి లైన్లను ఆఫీసులోని ఎక్స్‌టెన్షన్లన్నిటికీ పంచే టెలిఫోన్ ఎక్స్ఛేంజే దానికి నమూనా. మరుసటి ఏడాదే సిస్కో పిక్స్ తయారుచేసిన కంపెనీని కొనేసింది.

అడవి కొండల మధ్య ఉన్న సీలేరు లాంటి చోట ఒకే లైనును ఇలా పంచుకోవడంలోని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఘాట్ రోడ్డు వెంట, అడవి మధ్య కేబుల్ లాగడం ఒక ఎత్తు, గాలివానకు చెట్లు కూలే చోట దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఖర్చు తగ్గించుకోడానికి కేబుల్‌ను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. బడికొకటి, హాస్టల్‌కొకటి, ఆసుపత్రికొకటి అని కొండ మీదికి మూడు లైన్లు తేవడం అయ్యే పని కాదు. ఆవరణకు ఒక మంచి లైను తెచ్చుకుని పంచుకోవడమే మేలు.

అయితే పంచుకోవడంలోనే పొరపాట్లు జరుగుతాయి. గదికో రూటర్ కొని ఒకదాని వెనక ఒకటి తగిలిస్తారు. చాలా రూటర్లు తమ అడ్రస్ 192.168.1.1 అనే చెబుతాయి. ఎవరి మాట ఎవరికి పోవాలో తేలక ఒక గదిలో నెట్ ఆగుతుంది, ఇంకో గదిలో ప్రింటర్ కనబడదు. దానికి విరుగుడు తేలికే. బడికి 192.168.10, హాస్టల్‌కు 192.168.20, ఆసుపత్రికి 192.168.30 అని వేరువేరు వరసలు ఇచ్చి, మూడింటినీ ఒకే ఫైర్‌వాల్‌కు కలపాలి. ఒక్క 192.168లోనే ఇలాంటి వరసలు 256 ఉన్నాయి. కంప్యూటర్ల కేబుళ్లు కలిపే స్విచ్ పెట్టెలు మూడు కొనాల్సిన పని కూడా లేదు. వీల్యాన్ సౌకర్యమున్న స్విచ్ ఒక్కటున్నా, దానిలో కేబుల్ తగిలించే పోర్టులనే మూడు నెట్‌వర్క్‌లుగా విడదీయొచ్చు. దీనికి 1998 నుంచీ ప్రమాణం ఉంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. నంబర్లు వేరు చేసినంత మాత్రాన గోడ కట్టినట్టు కాదు. కొన్ని రకాల పెట్టెలు మనం వద్దని చెప్పేదాకా లోపలి నెట్‌వర్క్‌లను ఒకదానితో ఒకటి మాట్లాడనిస్తూనే ఉంటాయి. హాస్టల్‌లో ఒక ఫోన్‌కు పట్టిన వైరస్ ఆసుపత్రి కంప్యూటర్‌లోని రోగుల వివరాల దాకా పోగలదు. అందరూ బయటికి వెళ్లొచ్చు, ఒకరి నెట్‌వర్క్‌లోకి ఒకరు రాకూడదు, బయటివాళ్లెవరూ పిలవకుండా లోపలికి రాకూడదు అని మూడు నియమాలు ఫైర్‌వాల్‌లో రాసి తీరాలి. నెట్ వస్తోంది కదా అని చాలామంది ఈ పని వదిలేస్తారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. కొత్త పద్ధతి ఐపీవీ6లో ప్రతి పరికరానికీ బయట కూడా చెల్లే అడ్రస్ రావడం మామూలు. అక్కడ నాట్ చాటు ఉండదు, రాసిన నియమాలే కాపలా.

సీలేరు అనగానే గుర్తొచ్చేది కరెంటు. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, దిగువన మోతుగూడెం దగ్గర 115 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. ఇలాంటి కేంద్రాల విషయంలో లెక్క మారిపోతుంది, ఫైర్‌వాల్ ఒక్కటే చాలదు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో సైబర్ దాడితో సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు కొన్ని గంటలపాటు కరెంటు పోయింది. దాడి చేసినవాళ్లు ముందు ఆఫీసు కంప్యూటర్లకు మోసపు మెయిళ్లు పంపారు. నెలల తరబడి లోపలే ఉండి పాస్‌వర్డ్‌లు సేకరించారు. మధ్యలో ఫైర్‌వాల్ ఉన్నా, ఆ దొంగ తాళాలతో సబ్‌స్టేషన్లను నడిపే నెట్‌వర్క్‌లోకి దర్జాగా ప్రవేశించారు. మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబరులో సైబర్ భద్రతా మార్గదర్శకాలు తెచ్చింది. యంత్రాలను నడిపే నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్లకూ మధ్య పూర్తి ఎడం ఉండాలని వాటిలో ఉంది. ఇంటర్నెట్ తప్పనిసరైతే అందుకోసం పెట్టుకునే కంప్యూటర్ వేరే గదిలో, సైబర్ భద్రతాధికారి అదుపులో ఉండాలి.