పాత జెన్‌ Vs పాత శాంట్రో: మలుపుల్లో ఏది బెటర్‌? తేడా అంతా ఎత్తులోనే!

సెకండ్‌ హ్యాండ్‌లో తక్కువ బడ్జెట్‌ కారు వెతుకుతున్నారా? అయితే మారుతి జెన్‌, హ్యుందాయ్‌ శాంట్రో.. ఈ రెండు పేర్లూ ఎక్కడో ఒకచోట తగులుతాయి. జెన్‌ 1993లో వచ్చింది. శాంట్రో 1998లో షారుఖ్‌ ఖాన్‌ యాడ్‌తో ఎంట్రీ ఇచ్చింది. ఇక్కడ చెప్పేది పాత మోడల్స్‌ గురించే. జెన్‌ ఎస్టిలో, 2018లో వచ్చిన కొత్త శాంట్రో వేరే కార్లు.

ఇంజిన్‌ సంగతేంటి?

మొదటి జెన్‌ది 993 సీసీ ఇంజిన్‌, 50 హార్స్‌పవర్‌. కానీ ఆ పవర్‌ మొత్తం రావాలంటే ఇంజిన్‌ను 6,500 ఆర్‌పీఎం దాకా లాగాలి. అంటే గేర్‌ డౌన్‌ చేసి తొక్కితేనే మజా. 2003లో వచ్చిన శాంట్రో జింగ్‌ది 1,086 సీసీ. 62 హార్స్‌పవర్‌ 5,500 దగ్గరే అందుతుంది. కింది స్పీడ్‌లోనూ లాగుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో మాటిమాటికీ గేర్‌ మార్చే పని తక్కువ. రోజూ అమీర్‌పేట వైపు వెళ్లేవాళ్లకు ఇదే హాయి.

మలుపులో ఏం జరుగుతుంది?

అసలు తేడా ఇక్కడే. శాంట్రో ఎత్తు 1,590 మిల్లీమీటర్లు, జెన్‌ 1,405. అంటే 7 అంగుళాలకు పైనే. వెడల్పులో మాత్రం తేడా 3 సెంటీమీటర్లే! వెడల్పు దాదాపు అంతే ఉండి ఎత్తు పెరిగితే, కారు బరువు పైకి జరుగుతుంది. స్పీడ్‌గా మలుపు తిప్పినప్పుడు ఆ బరువంతా బయటివైపు టైర్ల మీద పడుతుంది. బాడీ ఒరుగుతుంది. లోపలివైపు టైర్ల పట్టు తగ్గుతుంది.

జెన్‌ బరువు 800 కిలోల లోపే, పైగా నేలకు దగ్గరగా ఉంటుంది. అందుకే శ్రీశైలం ఘాట్‌ లాంటి రోడ్డు మీద స్టీరింగ్‌ ఎటు తిప్పితే అటు వెంటనే తిరుగుతుంది. పవర్‌ స్టీరింగ్‌ లేని జెన్‌ను పార్కింగ్‌లో తిప్పాలంటే మాత్రం చేతులు లాగేస్తాయి. శాంట్రోకు ఎత్తే ప్లస్‌ కూడా. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వంగకుండా ఎక్కి కూర్చోవచ్చు.

డ్రైవింగ్‌ సరదా కావాలంటే జెన్‌కే మా ఓటు. ఫ్యామిలీతో సిటీలో తిరగడానికైతే శాంట్రో. కాకపోతే ఐదుగురితో, క్యారియర్‌ మీద లగేజీతో హైవే ఎక్కితే దాన్ని నెమ్మదిగా నడపాల్సిందే. ఎదురుగా గేదె వచ్చిందని స్టీరింగ్‌ ఒక్కసారిగా తిప్పితే ఎత్తైన కారు అదుపు తప్పే ఛాన్స్‌ ఎక్కువ.

రెండింటికీ కామన్‌ రిస్క్‌

ఈ పాత కార్లలో చాలా వాటికి ఏబీఎస్‌, ఎయిర్‌బ్యాగ్‌లు లేవు. వానలో గట్టిగా బ్రేక్‌ తొక్కితే చక్రాలు లాక్‌ అయిపోతాయి. అప్పుడు స్టీరింగ్‌ తిప్పినా కారు తిరగదు. షాక్‌ అబ్జార్బర్లు పోతే జెన్‌ అయినా మలుపులో ఊగుతుంది. కారు చూసేటప్పుడు ఒక్కో మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి. రెండు మూడుసార్లు ఊగిందంటే షాక్‌లు అయిపోయినట్టే, రేటు తగ్గించమనండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్‌ ఉంటుంది. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందన్నమాట. 15 ఏళ్లు దాటిన బండి అయితే, ఆర్‌సీ రెన్యువల్‌ ఎప్పటిదాకా ఉందో కూడా డబ్బులిచ్చే ముందే చూసుకోండి.