ఐరన్ మాత్రలు మింగుతున్నా రక్తం ఎందుకు పట్టదు?

నీరసంగా ఉందంటే మన దగ్గర ముందు ఒక రక్తపరీక్ష, ఆ వెంటనే ఐరన్ మాత్రలు. రెండు మూడు నెలలు వాడితే హిమోగ్లోబిన్ పెరగాలి. పెరగకపోతే మాత్ర మారుస్తారు. ఇంట్లోవాళ్లు దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం అంటూ వెంటపడతారు. నెలసరి మామూలుగానే ఉంటుంది, నులిపురుగులు లేవు, మొలలు లేవు, అయినా రక్తం పట్టదు. ఇలా ఏళ్లు నెట్టుకొచ్చేవాళ్లలో కొందరికి అసలు జబ్బు సీలియాక్.

మింగిన మాత్ర ఏమవుతోంది?

చిన్నపేగు లోపలి గోడ కొత్త టర్కీ తువ్వాలులా నూగునూగుగా ఉంటుంది. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునేది ఆ నూగే. సీలియాక్ ఉన్నవాళ్లు గోధుమ, బార్లీ, రై తిన్నప్పుడల్లా వాటిలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల ఒంటి రక్షణ వ్యవస్థ తిరగబడి సొంత పేగునే కొడుతుంది. నూగు అరిగిపోతుంది. ఇనుము ఒంటికి పట్టేది ఎక్కువగా చిన్నపేగు మొదట్లోనే, దెబ్బ గట్టిగా తగిలేదీ అక్కడే. కాబట్టి విరేచనాలు లేకుండా, కడుపులో చెప్పుకోదగ్గ బాధ లేకుండా రక్తహీనత ఒక్కటే కనిపించవచ్చు. కొందరికి నోటిపూత, కొందరికి ఎముకలు గుల్లబారడం, పిల్లలైతే ఎత్తు పెరగకపోవడం.

ఇన్నేళ్లు ఎవరికీ తట్టదెందుకు?

మన వైపు ఇది అరుదు కాబట్టి. మన దేశంలో మూడు ప్రాంతాల్లో జరిపిన పరిశీలన 2016లో వెలువడింది. ఉత్తరాదిన సుమారు వందమందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటే, దక్షిణాదిన సుమారు పదివేలమందిలో ఒకరికి కనిపించింది. జబ్బుకు వీలిచ్చే జన్యువులు మాత్రం అక్కడా ఇక్కడా ఇంచుమించు మూడోవంతు మందిలో ఉన్నాయి. పెద్ద తేడా గోధుమ వాడకంలోనే. అన్నం తినే ఊళ్లో డాక్టరుకు ఈ పేరు గుర్తురాకపోవడం వింతేం కాదు. గ్యాస్ అంటారు, టెన్షన్ అంటారు. పైగా మనకు జబ్బుమనిషి పథ్యమంటే బ్రెడ్డు, గోధుమరవ్వ జావ, బార్లీ నీళ్లు! షుగర్ ఉన్నవాళ్లకు రాత్రి చపాతీలు సరేసరి.

దోషం గోధుమదని ఎలా పట్టుకున్నారు?

డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికేకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ పడకేశారు. 1950లో ఆయన దీన్నే తన సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు. అంతకుముందు అరటిపళ్ల పథ్యం పెట్టేవారు. అది పనిచేసిందీ అందులో గోధుమ లేకపోవడం వల్లనే.

పరీక్ష ఎలా చేస్తారు?

ముందు టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష. అందులో అనుమానం వస్తే, ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తారు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఎక్కడో విని గోధుమ మానేస్తారు, కాస్త బాగుంటుంది, ఆ తర్వాత పరీక్షకు వెళ్తారు. గోధుమ ఆగితే రక్తంలో యాంటీబాడీలు తగ్గుతూ వస్తాయి, పేగు మానడం మొదలవుతుంది. రిపోర్టు 'ఏమీ లేదు' అని రావచ్చు. అప్పుడిక తేల్చాలంటే కొన్ని వారాలపాటు మళ్లీ గోధుమ తినాలి. బాగుపడ్డ మనిషిని మళ్లీ పడుకోబెట్టడమే అది. అందుకని పరీక్షలన్నీ అయ్యేదాకా మామూలు తిండి మానకండి.

తేలాక ఎలా కోలుకుంటారు?

మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానడమే. మనకు ఇదేమంత కష్టం అనిపిస్తుంది: అన్నం, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి అన్నీ తినొచ్చు. చిక్కంతా కంటికి కనిపించని గోధుమతోనే. పులిహోరలో వేసే ఇంగువ డబ్బా తిప్పి చూడండి, సన్నటి అక్షరాల్లో గోధుమపిండి లేదా మైదా అని ఉంటుంది చాలావాటి మీద. పిండిమరలో మీ జొన్నలకు ముందు ఎవరి గోధుమలో ఆడి ఉంటాయి. రాళ్ల మధ్య మిగిలిన ఆ పిండి మీ డబ్బాలోకే దిగుతుంది. పూరీలు వేయించిన నూనెలో గారెలు వేసినా అంతే. ఇడ్లీలో పడేది బియ్యపు రవ్వ గనుక సరే, రవ్వదోశ కుదరదు. ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రమాణం. అంత తక్కువన్నమాట! 'ఒక్క ముక్కకి ఏమవుతుంది' అని బతిమాలే పెళ్లింటివాళ్లకు ఈ లెక్క చెప్పాల్సిందే.

కడుపు సాధారణంగా కొన్ని వారాల్లో తేలికపడుతుంది. మొదట్లో పాలు పడకపోవచ్చు, పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము ఉండేది ఆ నూగు కొసల్లోనే. నూగు మొలిచాక చాలామందికి పాలూ పడతాయి. యాంటీబాడీలు తగ్గడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పేగు పూర్తిగా మానడం పిల్లల్లో త్వరగా జరుగుతుంది, పెద్దవాళ్లలో ఏళ్లు పడుతుంది. ఈలోగా ఐరన్, డి విటమిన్, బి12 చూపించుకుంటూ ఉండాలి, ఎముకల సాంద్రత కూడా. ఇన్నాళ్లూ పనిచేయని ఐరన్ మాత్రే ఇప్పుడు పనిచేస్తుంది.

ఇంట్లో ఒకరికి తేలితే అమ్మానాన్నలకు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా రక్తపరీక్ష చేయించండి, వాళ్లకు ఏ బాధా లేకపోయినా సరే.