పారడైజ్ మళ్లీ కట్టుకుంటోంది

ఉత్తర కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల అంచున, రెండు లోతైన లోయల మధ్య గట్టు మీద ఉన్న ఊరు పారడైజ్. చుట్టూ పైన్ చెట్లు, చల్లటి గాలి, పెద్ద నగరాలతో పోలిస్తే ఇళ్ల ధరలూ తక్కువే. అందుకే ఉద్యోగ విరమణ చేసినవాళ్లు ఎందరో అక్కడ చేరి స్థిరపడ్డారు. 2010 జనాభా లెక్కల్లో ఊరి జనం 26,218 మంది.

2018 నవంబర్ 8 తెల్లవారుజామున ఆ ఊరికి కొద్ది మైళ్ల దూరంలో, పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ హైటెన్షన్ లైన్ మీద దాదాపు వందేళ్ల నాటి ఇనుప కొక్కెం ఒకటి అరిగి అరిగి విరిగిపోయింది. తీగ జారి టవర్‌కు తగిలింది, నిప్పులు రాలాయి. నెలల తరబడి సరైన వాన లేక కింద గడ్డి ఎండిపోయి ఉంది. పైగా లోయలోంచి ఈదురుగాలి. కొన్ని గంటల్లోనే పారడైజ్‌లో ఎక్కువ భాగం కాలిపోయింది. ఊరి నుంచి బయటపడే ముఖ్యమైన దారి స్కైవే మీద కార్లు బారులు తీరి ఆగిపోయాయి. 85 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువ మంది వృద్ధులే. 18 వేలకు పైగా కట్టడాలు నేలమట్టమయ్యాయి. ‘క్యాంప్ ఫైర్’ అని పేరుపడ్డ ఈ మంటల పొగ శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా దాకా వచ్చింది. శాన్ హోజే, ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు కూడా కిటికీలు బిగించుకుని కూర్చున్న రోజులవి. బడులు మూసేశారు.

ఆ తర్వాతి కథే అసలు చెప్పుకోవలసింది. ఇల్లు కాలితే మళ్లీ గోడలు లేపడమే పని అనుకుంటాం. పారడైజ్ జనానికి గోడల దాకా రావడానికే ఏళ్లు పట్టింది.

మొదట బూడిద. పాత ఇళ్ల రంగుల్లోని సీసం, ఆస్బెస్టాస్, కరిగిన బ్యాటరీలు, ప్లాస్టిక్ అన్నీ అందులో కలిసిపోయి ఉన్నాయి. పునాదులతో సహా తవ్వి, పైమట్టి చెక్కి, ప్రత్యేకమైన డంపింగ్ యార్డులకు తరలించాలి. అలా ఎత్తిన శిథిలాలు 36 లక్షల టన్నులకు పైమాటే. ఈలోగా కొందరు తమ స్థలంలోనే ట్రెయిలర్ బండి పెట్టుకుని ఉంటామన్నారు. విషపు బూడిద పక్కన మనుషులు ఉంటే శుభ్రం చేసే పనికి డబ్బు ఇవ్వడం కష్టమని కేంద్ర విపత్తు సంస్థ ఫెమా అభ్యంతరం చెప్పింది. దాంతో మొదట ఇచ్చిన అనుమతిని ఊరి కౌన్సిల్ వెనక్కు తీసుకుంది. సొంత నేల మీద నిలబడి కూడా అక్కడ పడుకునే హక్కు లేకపోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

నీళ్ల సంగతి ఇంకా లోతైనది. మంటలు ఆర్పడానికి నీళ్లు వాడుతుండగా, కాలిన ఇళ్ల దగ్గర పైపులు పగిలి నీళ్లు కారిపోతుండగా పైపుల్లో ఒత్తిడి పడిపోయింది. ఒత్తిడి లేని పైపు బయటి పొగను, విషవాయువులను లోపలికి పీల్చుకుంటుంది. వేడికి కరిగిన ప్లాస్టిక్ పైపులు తామే రసాయనాలు విడుస్తాయి. అలా క్యాన్సర్ కలిగించే బెంజీన్ నీళ్లలో చేరింది. కాలిఫోర్నియాలో తాగునీటికి పరిమితి వంద కోట్ల భాగాలకు ఒక భాగం. పారడైజ్‌లో కొన్ని నమూనాల్లో అంతకు వందల రెట్లు కనబడింది. కాచినంత మాత్రాన అలాంటి నీళ్లు తాగడానికి పనికిరావు. చెక్కుచెదరకుండా మిగిలిన ఇంటివాళ్లు కూడా సీసా నీళ్లతో, పెరట్లో పెట్టుకున్న ట్యాంకులతో నెట్టుకొచ్చారు. ఒక్కో వీధిలో, ఒక్కో కనెక్షన్ దగ్గర పరీక్షలు చేస్తూ, చెడిపోయిన పైపులు మారుస్తూ పోవాల్సి వచ్చింది. ఒక ఊరు మళ్లీ బతకాలంటే ముందుగా ఎవరిని నిలబెట్టాలని అడిగితే, ఇంజనీర్ కన్నా ముందు నీటి సరఫరా సిబ్బందిని చూపించాలి.

ఇక ఇల్లు. అడవి మంట ఇంటిని చాలాసార్లు నేరుగా అంటదు. గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వలు అంటిస్తాయి. రవ్వ ఒకటి అటక గాలి రంధ్రంలోంచి దూరినా, చూరు కాలువలోని ఎండుటాకుల మీద పడినా చాలు. అందుకే ఇప్పుడు గాలి రంధ్రాలకు అంగుళంలో ఎనిమిదో వంతుకు మించని కన్నాలున్న ఇనుప జాలీ బిగిస్తారు. చూరు కాలువకు మూత పెడతారు. పైకప్పు మంటకు తట్టుకునేదై ఉండాలి. గోడ నుంచి అయిదు అడుగుల దాకా చెక్క కంచె గానీ పూలపొద గానీ ఉండకూడదు, కంకర పరుస్తారు. చాలామందికి మింగుడుపడనిది ఈ చివరిదే, ఎందుకంటే కిటికీ కింద గులాబీ మొక్క లేని ఇల్లు వాళ్లకు ఇల్లులా అనిపించదు. అయినా లెక్కలు కళ్లెదుటే ఉన్నాయి. రాష్ట్రం 2008లో తెచ్చిన కఠినమైన నిబంధనల తర్వాత కట్టిన ఇళ్లలో దాదాపు సగం ఈ మంటల్లో నిలిచాయి. అంతకు ముందు కట్టినవాటిలో దెబ్బతినకుండా బయటపడ్డవి అయిదింట ఒకటి కూడా లేవు.

డబ్బు మాత్రం నిబంధనలంత సూటిగా నడవలేదు. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2020 జూన్‌లో, చనిపోయిన 85 మందిలో 84 మంది మరణాలకు సంబంధించి నేరం ఒప్పుకుంది. ఈ మంటలతో పాటు ఇంకొన్ని మంటల బాధితుల కోసం 1,350 కోట్ల డాలర్ల పరిహారం కుదిరింది. అందులో దాదాపు సగం కంపెనీ షేర్ల రూపంలో. అంటే తన ఇంటిని కాల్చిన కంపెనీ షేరు ఎప్పుడు పెరుగుతుందా అని బాధితుడు ఎదురుచూడాలి. ఇది అన్యాయమని చెప్పడానికి లాయరు కానక్కర్లేదు. అద్దెకున్నవాళ్లకు, మొబైల్ హోమ్ పార్కుల్లో బతికినవాళ్లకు మళ్లీ కట్టుకోవడానికి స్థలమే లేదు. బీమా ఇంకో గుదిబండ. ప్రైవేటు కంపెనీలు వెనక్కు తగ్గుతుంటే, ఎక్కువ ప్రీమియం కట్టి ‘ఫెయిర్ ప్లాన్’ అనే చివరి దిక్కుకు పోవాల్సి వచ్చింది. ఇల్లు బ్యాంకు రుణంతో కట్టాలంటే బీమా తప్పదు.

ఇంత జరిగినా వచ్చేవాళ్లు వస్తున్నారు. మంటల్లో కాలకుండా మిగిలిన హైస్కూల్ మైదానంలో 2019 ఆగస్టులో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడితే, ఊరు విడిచి ఎక్కడెక్కడో తలదాచుకున్న జనం చూడటానికి వచ్చారు. హెచ్చరిక సైరన్ల టవర్లు నిలబెట్టారు, కరెంటు తీగలు భూమిలోకి దించే పని చేపట్టారు. ఊరి అంచున ఖాళీ స్థలాలు కొని, మంటలు సూటిగా ఇళ్ల మీదికి రాకుండా అడ్డుగా ఉంచే ప్రయత్నం పార్కుల విభాగం చేస్తోంది. 2020 లెక్కల్లో జనాభా 4,764కు పడిపోయింది. అప్పటినుంచి పెరుగుతూనే ఉంది కానీ పాత సంఖ్యలో సగానికి ఇంకా రాలేదు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర అల్టడేనా, పసిఫిక్ పాలిసేడ్స్ కాలిపోయాక అక్కడివాళ్ల ముందు నిలిచిన ప్రశ్నలూ ఇవే: బూడిద ఎవరు ఎత్తుతారు, నీళ్లు తాగొచ్చా, బీమా ఎంత ఇస్తుంది.