కార్డు ఉంది... గడువుందా?

పోయిన మాఘమాసంలో ఓ మధ్యాహ్నం. వంటిల్లు సర్దుకుని అలా నడుం వాల్చానో లేదో, తలుపు చప్పుడైంది. మా జనగామ ఇంటికి రెండిళ్ల అవతల ఉండే చెల్లెలు. చేతిలో సెల్‌ఫోను, కళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, గీ కార్డు జర చూడరాదు. కార్డుంది గదా, మరి ఎందుకు రానియ్యరంట?" అంది.

రియాద్‌లో డ్రైవరుగా ఉన్న ఆమె భర్త 'ఇకామా' ఫొటో అది. ముందురోజు రాత్రి అత్తగారు పోయారు. కొరివి పెట్టాల్సిన ఒక్కగానొక్క కొడుకు అక్కడే చిక్కుకుపోయాడు.

ఇకామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి. సౌదీలో 2015 నుంచి ఇస్తున్న కార్డు అయిదేళ్లపాటు ఉంటుంది. అసలు అనుమతిని మాత్రం ఎప్పటికప్పుడు కంప్యూటర్లో పొడిగించాలి. పొడిగించకపోతే చేతిలో కార్డు మెరుస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం దొంగచాటు మనిషైపోతాడు. గడువు ఎంతవరకుందో 'అబ్షర్' అనే అక్కడి ప్రభుత్వ యాప్‌లో చూసుకోవాలి. మా చెల్లెలికి ఈ సంగతి తెలియదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజుదాకా నాకూ తెలియదు.

ఖర్చు ఎవరిది?

సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఇకామా ఫీజు, పని పర్మిట్ ఫీజు, ఆలస్యమైతే జరిమానా, అన్నీ యజమానే కట్టాలి. ఇకామా ఫీజు ఏడాదికి 650 రియాళ్లు. అది కాక 2020 నుంచి ఒక్కో విదేశీ కార్మికుడికి నెలకు 700, 800 రియాళ్ల లెవీ కూడా కంపెనీల మీద ఉంది. కొన్నింటికి మినహాయింపులున్నాయి.

మరి మనవాళ్ల మెడకెందుకు చుట్టుకుంటోంది? 'ఆజాద్ వీసా' వల్ల. పేరుకి ఒక కఫీల్ దగ్గర పని, నిజంగా చేసేది ఇంకోచోట. ఆ కఫీల్ ఫీజులన్నీ కార్మికుడి చేతే కట్టిస్తాడు. డబ్బు తీసుకుని పొడిగించకపోయినా అడిగే దిక్కుండదు. ఎదురు మాట్లాడితే 'హురూబ్' అంటే పారిపోయాడని రాయించేస్తాడు. ఈ చెల్లెలి భర్తకి జరిగింది సరిగ్గా ఇదే. కట్టిన డబ్బు కఫీల్ దగ్గరే ఉండిపోయింది.

ఇక ఇక్కడి ఖర్చు చూడండి. లైసెన్సున్న ఏజెంటు సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదని మన ప్రభుత్వ నియమం. కానీ ఆజాద్ వీసా కోసం వీళ్లు లక్షన్నర అప్పు చేశారు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500. అతను పంపే డబ్బులో ముందు కదిలేది ఆ వడ్డీకే!

లాభం లేకపోలేదు

ఇకామా సక్రమంగా ఉంటే బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా, డ్రైవింగ్ లైసెన్సు, సెలవుపై ఇంటికొచ్చి మళ్లీ వెళ్లే వీలు, అన్నీ ఉంటాయి. అది లేనివాడికి జ్వరమొచ్చినా ఆసుపత్రికి పోవాలంటే భయం, చెక్‌పోస్టు దాటాలంటే భయం.

భార్యాపిల్లల్ని తీసుకెళ్లాలంటే లెక్క మళ్లీ వేరు. 2017 జులైలో సౌదీ ప్రభుత్వం ఇంట్లో ఒక్కొక్కరికీ నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టింది. ఏటా పెంచుతూ 2020కల్లా 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలంటే ఏడాదికి 14,400 రియాళ్లు. రియాల్ 22 రూపాయలనుకున్నా మూడు లక్షలు దాటుతుంది. అప్పట్లో ఎన్నో కుటుంబాలు పిల్లల్ని మధ్యలో స్కూలు మాన్పించి ఇంటిదారి పట్టాయి. పైగా ఇకామాలో 'లేబర్' అని రాసుంటే కుటుంబాన్ని అక్కడ ఉంచుకోనివ్వరు.

డబ్బున్నవాళ్లకి దారులు వేరు. అదే సౌదీ 2019లో ఎనిమిది లక్షల రియాళ్లకు శాశ్వత నివాసం ఇవ్వడం మొదలుపెట్టింది. దుబాయ్ వైపు పదేళ్ల గోల్డెన్ వీసా. మన డ్రైవరన్నకి మాత్రం ఏడాదికోసారి గుండె దడ!

మనం అడగాల్సినవి

గల్ఫ్ అనగానే జగిత్యాల, సిరిసిల్ల అంటాం గానీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుంచీ వెళ్లేవాళ్లున్నారు. అప్పుకి పుస్తెలతాడు ఇచ్చేది మనమే అయినప్పుడు, అడిగే హక్కూ మనదే. వీసా ఏ పనికి? కఫీల్ ఎవరు? పని చేసేదీ అతని దగ్గరేనా? విజిట్ వీసా మీద పంపుతానంటే ఒప్పుకోకండి. పదో తరగతి పాసవని వాళ్లు సౌదీ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాంతోపాటు పది లక్షల ప్రమాద బీమా వస్తుంది, రెండేళ్లకు కట్టేది 275 రూపాయలే. అలాంటి పాస్‌పోర్టున్న ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. గల్ఫ్ సంబంధం వచ్చినా జీతం ఒక్కటే అడక్కండి. ఇకామాలో వృత్తి ఏమని ఉందో, గడువు ఎప్పటిదాకో కూడా అడగండి. తప్పేం కాదు.

ఆ రోజు అత్తగారికి పాలోళ్ల అబ్బాయి కొరివి పెట్టాడు. కొడుకు వీడియోలో చూసి ఏడ్చాడు. తరువాత ఎంబసీలో పేరు రాయించుకుని, ఏడు నెలలు తిరిగి, ఎగ్జిట్ మీద ఒట్టి చేతులతో వచ్చాడు. ఇప్పుడు ఇక్కడే ఆటో నడుపుతున్నాడు. అప్పు ఇంకా తీరలేదు.

మొన్న వాళ్లింటికి వెళితే గోడమీది క్యాలెండర్లో, పాలలెక్క పక్కన, ఒక తేదీ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంది. ఏమిటే అని అడిగాను.

"మా తమ్ముడు కువైట్ల ఉన్నడు గదక్కా, వాని ఇకామా తారీఖు. నెల ముందుగాల్నే ఫోన్ చేసి యాద్జేస్త" అంది.

మీ ఇంటి క్యాలెండర్లోనూ అలాంటి తేదీ ఒకటి ఉండాలేమో, ఒక్కసారి చూసుకోండి.