మసక వెలుతురులో వాలై వేట

మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల మధ్య మిసిసిపీ నదిలో జూలై ఎండకి గాలం వేస్తే వాలై చేప తగలడం కష్టం. పొద్దు గుంకాక అదే చోట, అదే ఎరకి వచ్చి పడుతుంది. తేడా అంతా వెలుతురులోనే ఉంది. ఉత్తర అమెరికా నదుల్లో, సరస్సుల్లో పుట్టి పెరిగే ఈ చేపను పట్టాలంటే ముందు దాని కన్ను గురించి తెలుసుకోవాలి.

వాలై కంటి రెటీనాలో మెరిసే పొర ఒకటుంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని టపీటం లూసిడం అంటారు. కంట్లో పడిన కాంతిలో కొంత, చూపు కణాలకు అందకుండా దాటిపోతుంది. ఈ పొర దాన్ని మళ్లీ ఆ కణాల మీదికే తిప్పికొడుతుంది. అందువల్ల కాస్తంత వెలుతురున్నా చేపకి సరిపోతుంది. రాత్రిపూట టార్చి వేస్తే పిల్లి కళ్లు మెరిసేది ఇలాంటి పొర వల్లే. మన డెల్టా చెరువుల్లో పెంచే పండుగప్ప కళ్లు కూడా చీకట్లో మెరుస్తాయి. అయితే తిరిగొచ్చే కాంతి కొంత చెదిరిపోతుంది కనుక చూపులో పదును తగ్గుతుంది. వాలై పిల్లలకి మొదట్లో ఈ పొర ఉండదు, అవి వెలుగువైపే ఈదుతాయి. ఎదిగేకొద్దీ పొర ఏర్పడుతుంది, చేప వెలుగుని తప్పించుకుని లోతుకి జరుగుతుంది. వాలై ఇష్టంగా తినే ఎల్లో పెర్చ్ అనే చేపకి ఈ పొర లేదు. సంధ్యవేళ పెర్చ్‌కి చూపు మందగిస్తుంది, వాలైకి మాత్రం అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. వాన పడి నది బురదబురదగా పారుతున్నప్పుడు కూడా ఇంతే. అందుకే అనుభవమున్నవాళ్లు నీళ్లు మురికిగా ఉన్నాయని వెనుదిరగరు.

కన్ను తర్వాత చూడాల్సింది నీటి వేడి. వాలైకి 20 నుంచి 23 డిగ్రీల సెల్సియస్ నీళ్లు హాయి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. లీటరు నీటిలో 0 డిగ్రీల వద్ద సుమారు 14.6 మిల్లీగ్రాములు కరిగితే, 20 డిగ్రీల వద్ద 9, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే కరుగుతుంది. సరిగ్గా ఆ వేడిలోనే చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. లోతైన సరస్సులో వేసవికి పైన వేడినీరు, కింద చల్లనీరు పొరలుగా విడిపోతాయి. నది పారుతూ కలిసిపోతూ ఉంటుంది కాబట్టి పైనా కిందా దాదాపు ఒకే వేడి. ఇక్కడ చేప చల్లటి లోతు కోసం వెతకదు, ఒళ్లు అలవకుండా తిండి దొరికే చోటు కోసం వెతుకుతుంది.

అలాంటి చోట్లు మిసిసిపీలో మనుషులే కట్టిపెట్టారు. 19వ శతాబ్దం చివర్లో అమెరికా సైనిక ఇంజినీర్లు పడవల దారి లోతుగా ఉండాలని ఒడ్డు నుంచి నది లోపలికి రాళ్లు, విల్లో కొమ్మల మోపులతో అడ్డుకట్టలు వేశారు. వీటిని వింగ్ డ్యామ్‌లు అంటారు. 1930లలో పెద్ద డ్యామ్‌లు, లాకులు వచ్చి నీటిమట్టం పెరగడంతో వీటిలో చాలావరకు మునిగిపోయాయి. ప్రవాహం కట్టకి తగిలి పైకి లేస్తుంది. కట్ట ఎగువ ముఖం అడుగున నీటి జోరు తగ్గుతుంది. వాలై అక్కడ తల ఎగువకి పెట్టి నిలుస్తుంది. కొట్టుకొచ్చే చిన్న చేపలు దాని నోటి ముందుకే వస్తాయి. కొత్తవాళ్లు కట్ట వెనక నిలకడ నీటిలో వెతికి విసిగిపోతుంటారు.

ఎరగా వసంతంలో చిన్న చేపలు బాగా పనిచేస్తాయి. వేసవి వేడికి అవి బకెట్లోనే చచ్చిపోతాయి. అప్పుడు జలగ, వానపాము ముందుకొస్తాయి. ఇక్కడ వాడే రిబ్బన్ జలగ రక్తం పీల్చేది కాదు, నీటిలోని చిన్న జీవుల్ని తిని బతుకుతుంది. చల్లనీటిలో ఉండలా ముడుచుకుపోయే ఈ జలగ, గోరువెచ్చని నీటిలో రిబ్బన్‌లా అలలు తిరుగుతూ ఈదుతుంది. గాలాన్ని దాని పెద్ద చూషకం దగ్గర ఒక్కసారే గుచ్చాలి, అప్పుడే ఒళ్లంతా స్వేచ్ఛగా ఆడుతుంది. వానపామునైతే తల కొనకి గుచ్చి, మిగతాదంతా వేలాడనివ్వాలి. దారం మీద జారే సీసపు గుండు వేస్తే, చేప ఎర లాగినప్పుడు దారం గుండులోంచి జారిపోతుంది, బరువు తగలక చేప అనుమానపడదు. గుండు అడుగుని తాకుతూ కదలాలి, ఒకేచోట దిగబడిపోకూడదు. ఎర కదలికతో నీటిలో పుట్టే ప్రకంపనల్ని చేప ఒంటి పక్కల ఉండే పార్శ్వరేఖతో పసిగడుతుంది, దగ్గరికొచ్చాక కంటితో పడుతుంది.

బతికున్న ఎరను చేప లోపలిదాకా మింగేస్తుంది. వదిలేయాల్సిన చేప గొంతులో గాలం దిగితే పీకడం కంటే దారం కత్తిరించడం మేలు. వేడినీటిలో పట్టి వదిలిన చేపలు చచ్చిపోయే ప్రమాదం ఎలాగూ ఎక్కువ.

నాకు అంతకన్నా ముఖ్యమనిపించే సంగతి మిగిలిపోయిన ఎర గురించి. మన పొలాల్లో వానపాము రైతు నేస్తం. మిన్నెసోటా అడవుల కథ వేరు. మంచుయుగపు హిమానీనదాలు కప్పేసిన ఆ నేలలో స్థానిక వానపాములు లేవు. ఎరగా అమ్మే పెద్ద వానపాము యూరప్ నుంచి వచ్చింది. వానపాములు తమంతట తాము ఏడాదికి కొద్ది మీటర్లే పాకుతాయి. దూరాలు దాటించింది మనుషులే, అందులో పడవలు దింపే రేవుల దగ్గర డబ్బాలు గుమ్మరించినవాళ్ల వాటా పెద్దది. మేపుల్ అడవుల్లో నేలను కప్పి ఉంచే మెత్తటి ఆకుల పొరను ఇవి తినేస్తాయి. ఆ పొర మీద మొలిచే అడవి పూల మొక్కలు, చిన్న చెట్లు తగ్గిపోతాయి. నేల మీద గూడు కట్టే ఓవెన్‌బర్డ్ పిట్టకి చోటు కరువవుతుంది. ఒకసారి పాతుకున్న వానపాముల్ని అడవిలోంచి తీసే మార్గం ఇప్పటికీ లేదు.

మిన్నెసోటాలో మిగిలిన ఎరను నీటిలో వదలడం చట్టవిరుద్ధం. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు పిల్లల్ని తీసుకుని చేపలకి వెళ్తే, వానపాముల్ని ఒడ్డున జాలితో వదిలేయకండి. డబ్బాకి మూత బిగించి చెత్తబుట్టలో వెయ్యండి.