గాలపువారు రాసిపెట్టిన లెక్క

కావేరి అనగానే మన యిళ్ళలో తలకావేరి స్నానమూ, శ్రీరంగపట్నమూ, శివనసముద్రం జలపాతాలూ తలపుకు వస్తాయి. బెంగుళూరులో మూడు నాలుగు తరాలుగా కాపురముంటూ, ఆ నది నీళ్ళే కుళాయిలో పట్టుకొని తాగుతున్నవాళ్ళం. అయినా ఆ నీళ్ళలో పుట్టి పెరిగే ఒక చేప కథ మనలో చాలమందికి తెలియదు. ఈ నెల ఆ కథ చెప్పాలని మాకు బుద్ధి పుట్టింది. శాకాహారులైన పాఠకులు పేజీ తిప్పనక్కరలేదు. ఇది చేపను తినటం గురించి కాదు, దాన్ని దక్కించుకోవటం గురించి.

ఆ చేప పేరు మహసీరు. మన రాగండి, బొచ్చె చేపలకు దూరపు చుట్టం. పెద్ద చేప పొలుసు ఒక్కొక్కటి అరచేతి వెడల్పు వుంటుంది. మహసీరులో జాతులు కొన్ని వున్నాయి. కావేరిలో అనాదిగా వున్న జాతికి తల వెనుక ఎద్దు మూపురంలాగ ఒక ఎత్తు వుంటుంది. రెక్కలూ తోకా నారింజ రంగు. ప్రపంచంలో కావేరిలోనూ, దాని ఉపనదులలోనూ తప్ప ఇది మరెక్కడా పుట్టదు.

మహసీరుల మీద ఈ దేశంలో భక్తీ వున్నది, వేటా వున్నది. శృంగేరిలో తుంగ ఒడ్డున, హాసన్ జిల్లా రామనాథపురంలో కావేరి ఒడ్డున, గుడి మెట్లమీద నిలబడి బొరుగులు వేస్తే మూతులు తెరుచుకొని వచ్చే చేపలను మనలో చాలమంది చూచేవుంటారు. అక్కడ వాటిని ఎవరూ ముట్టరు. వేట సంగతికి వస్తే, 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో, గాలంతో చేపలు పట్టే రాజవినోదాన్ని ప్రత్యేకంగా వర్ణించాడు. ఇంగ్లీషు దొరలలో హెచ్. ఎస్. థామస్ అనే మద్రాసు సివిలు ఉద్యోగి 1873లో ఈ దేశపు గాలపు వేట మీద పెద్ద పుస్తకం రాసి, తమ సీమ సాల్మను కంటె మహసీరే గట్టి పోటీదారని ఒప్పుకొన్నాడు. 1946లో మైసూరు వాన్ ఇంజెన్ కుటుంబంలోని ఒకాయన కబినిలో పట్టిన చేప 120 పౌన్లు, అంటే దగ్గరదగ్గర 54 కిలోలు తూగింది. ఒక నిండు మనిషి బరువు!

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ చేపకు కష్టకాలం వచ్చింది. వానాకాలంలో ఎదురీది పైకి పోయి, గులకరాళ్ళ నేలమీద గుడ్లు పెట్టటం దీని అలవాటు. ఎగువన కృష్ణరాజసాగరం, దిగువన 1934 నాటి మెట్టూరు ఆనకట్ట దాని దారిని తెగ్గొట్టాయి. అంతకంటె ఘోరం తూటాల వేట. మడుగులో ఒక తూటా పేలిస్తే పెద్దా చిన్నా తేడా లేకుండా అన్నీ వెల్లకిల తేలుతాయి. వేటగాడికి దక్కేవి నాలుగైతే, వృథాగా చచ్చేవి నలభై.

ఈ పరిస్థితిలో 1972లో బెంగుళూరులోని కొందరు గాలపు సరదా గలవారు వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా అనే సంఘం పెట్టుకొన్నారు. వేటాడేవారే రక్షణ సంఘం పెట్టటమా అని మాకు మొదట నవ్వు వచ్చింది. ఆలోచిస్తే అందులో వింత లేదు. చేప లేకపోతే గాలానికి పనేమిటి? వారు శివనసముద్రం దిగువన కావేరిలో కొంత మేర మత్స్యశాఖ నుంచి గుత్తకు తీసుకొని, సొంత ఖర్చుతో కాపలా పెట్టారు. ఆ వైపు నదిలో కాపలాకూ, పడవ నడపటానికీ, దారి చూపటానికీ కుదిరినవారిలో కొందరు అంతకుముందు దొంగవేట చేసినవారే. నదిలో ఏ బండ కింద ఏ చేప వుంటుందో వారికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? దొంగ చేతికే తాళం ఇచ్చినట్లయింది. తాళం భద్రంగానే వున్నది.

పట్టిన చేపను తూచి, చూచి, తిరిగి నీళ్ళలో విడిచివేయాలన్నది గాలపువారి నియమం. ఎర ఏమిటనుకొన్నారు? మన రాగి ముద్దే! రాగి పిండిని ఉడికించి గట్టిగా ఉండ చేసి గాలానికి గుచ్చుతారు. సంగటి రుచి కావేరి చేపకూ తెలుసునన్నమాట.

1977–78లో ముగ్గురు ఇంగ్లీషు యువకులు వచ్చి, కావేరిలో యింకా పెద్ద పెద్ద మహసీరులు వున్నవని లోకానికి చాటారు. ఆ మీదట దేశదేశాల నుంచి గాలపువారు రాసాగారు. భీమేశ్వరి, దొడ్డమాకళి, గాలిబోరెలలో కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయిన జంగిల్ లాడ్జెస్ వారి విడుదులు వెలిశాయి. పక్క వూళ్ళవారికి పని దొరికింది. తూటాల మోత తగ్గింది.

ఇంతవరకు కథ సుఖంగానే నడిచింది. ఇక్కడ ఒక మలుపు వున్నది.

నదిలో చేపలు తగ్గినవి గదా, పిల్లలను తెచ్చి విడుద్దామని అందరికీ తోచింది. నీలగిరి వాగులలో ఇంగ్లీషువారు ట్రౌటు చేపను ఎక్కడినుంచో తెచ్చి విడువలేదా? మహారాష్ట్రలో లోనావాలా దగ్గర టాటావారి విద్యుత్ కంపెనీ మహసీరు గుడ్లను పొదిగించి పిల్లలను పెంచే కేంద్రం పెట్టింది. అక్కడి పిల్లలను తెప్పించి కావేరిలో విడిచారు. ఎవరూ చెడు తలపెట్టలేదు. అయితే ఆ పిల్లలు మూపురపు మహసీరులు కావు. నీలి రెక్కల మహసీరులు. పుణె దగ్గర ములా–ముఠా నదిలో శాస్త్రజ్ఞులు మొదట గుర్తించిన జాతి అది. ఆ నీళ్ళు భీమలో కలిసి, భీమ మన కృష్ణలో కలుస్తుంది. అంటే కృష్ణమ్మ బిడ్డను తెచ్చి కావేరమ్మ ఒడిలో పెట్టారన్నమాట. రెండూ మహసీరులే గదా అనుకొన్నారు.

కొత్త చేప కావేరిలో చక్కగా కుదురుకొన్నది. గాలాలకు చేపలు ఎక్కువగా పడసాగాయి. సంరక్షణ ఫలించిందని అందరూ సంతోషించారు.

ఆ సంతోషంలోని లోపాన్ని బయటపెట్టినది ఒక రిజిస్టరు. ఆఫీసులో పాతికేళ్ళుగా రిజిస్టర్లు రాస్తున్న మాకు ఈ సంగతి చదివినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. గాలిబోరె విడిదిలో గాలపువారు పట్టిన ప్రతి చేపనూ, దాని బరువునూ, అది ఏ రకమో కూడా పుస్తకంలో రాసేవారు. 1998 నుంచి 2012 వరకు 6 వేలకు పైగా చేపల లెక్క అందులో వున్నది. ఇంగ్లండుకు చెందిన ఎడ్రియన్ పిండర్, కేరళకు చెందిన రాజీవ్ రాఘవన్ మొదలైన శాస్త్రజ్ఞులు ఆ లెక్కను పరిశీలించి 2015లో ప్రకటించారు. మొత్తం చేపలు పెరిగిన మాట నిజమే. పెరిగినవి నీలి రెక్కలవి. మూపురపువి ఏటికేడు తగ్గుతూ వచ్చాయి. పడిన కొద్దిపాటివీ రానురాను పెద్ద బరువువే. పెద్ద బరువంటే ముసలి చేప. అంటే ఇంట్లో ముసలివారే మిగిలారు, ఉయ్యాలలు ఊగటం లేదు.

ఇంకొక విచిత్రం. నూరేళ్ళకు పైగా గాలాలకు పడుతూ, ఫోటోలకు ఎక్కుతూ వచ్చిన ఈ చేపకు శాస్త్రంలో స్థిరమైన పేరే లేదు! పేరు లేనివానికి రేషను కార్డు రాదు. పేరు లేని జాతికి రక్షణ పట్టికలోనూ చోటు దొరకదు. 2007లో కేరళలోని పాంబారులో దొరికిన ఒక మహసీరుకు, రేమాదేవి అనే మన దేశపు మత్స్యశాస్త్రజ్ఞురాలి గౌరవార్థం ‘టార్ రేమాదేవి’ అని పేరు పెట్టారు. పాంబారు నీళ్ళూ కావేరికే చేరుతాయి. కావేరిలోని మూపురపు చేప అదేనని 2018లో తేలింది. తరువాత అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దానిని అత్యంత ప్రమాదస్థితిలో వున్న జాతుల జాబితాలో చేర్చింది. నీలి రెక్కల మహసీరును మాత్రం ఆందోళన అక్కరలేని జాబితాలోకి మార్చింది. ఇద్దరు చుట్టాలు, రెండు తలరాతలు.

ఇంతలో మరొక చిక్కు. వన్యమృగ సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో గాలం కూడ వేటేనని, 2012 నాటికి అక్కడి గాలపు విడుదులలో చేపలు పట్టటం ఆపివేశారు. చట్టం మాట కాదనలేము. కాని గాలపువారితో పాటు నదిమీద పగలూ రాత్రీ తిరిగే కళ్ళు కూడ తగ్గాయి. దొంగవేట మళ్ళీ తలయెత్తుతుందన్న భయం నది ఎరిగినవారు చెబుతూనే వచ్చారు.

కిందటిసారి శివనసముద్రం వెళ్ళినప్పుడు ఒడ్డున బుట్టతెప్ప బాగుచేసుకొంటున్న ఒక పెద్దాయనను మేము ఈ చేప గురించి అడిగాము. కన్నడంలో ఆయన అన్న మాట రెండే ముక్కలు: “ఈగిన మీను బేరే, స్వామీ.” ఇప్పటి చేప వేరు అని. తన చిన్నతనంలో తోక ఎర్రగా వుండేదట. శాస్త్రజ్ఞులు పుస్తకాలు తిరగవేసి కనుక్కొన్నది ఆయన కంటికి ఎప్పుడో కనిపించింది. అడిగినవారు లేరు.

మూపురపు చేప పూర్తిగా పోలేదు. నీలగిరుల కింద మోయారు నదిలో అది బ్రతికి వున్నట్లు పరిశోధకులు చూచారు. దానిని ఆ నీళ్ళలో దక్కించుకోవాలి. పిల్లలను పెంచి విడిచినా, ఆ నది జాతినే, ఆ నదిలోనే విడవాలి. గుడ్లు పెట్టే గులకనేలలను ఇసుక లారీల పాలు కానీయరాదు.

గాలపువారిని తప్పు పట్టటం మా ఉద్దేశం కాదు. ఎవరికీ పట్టని రోజులలో నదికి కాపలా కాచినది వారే. పొరపాటు జరిగినది నిజం. ఆ పొరపాటును పట్టి ఇచ్చినదీ గాలపువారు దాచకుండా రాసిపెట్టిన లెక్కే. పడిన ప్రతి చేపనూ ఉన్నది ఉన్నట్లుగా రాసివుండకపోతే, చేపలు పెరుగుతున్నవన్న సంతోషంలోనే కావేరి తన సొంత బిడ్డను పోగొట్టుకొని వుండేది. ఏ మంచి పనికైనా మంచి మనస్సు ఒక్కటే చాలదు. నిజమైన లెక్క రాసే చెయ్యి కావాలి. ఆ లెక్క మన తప్పును చూపినప్పుడు సరేనని దిద్దుకొనే గుండె కావాలి.

ఈసారి రామనాథపురం మెట్లమీద పిల్లలతో బొరుగులు వేసేటప్పుడు, పైకి వచ్చిన చేప తోక ఏ రంగుదో వారిని చూడమనండి. అంతమాత్రం లెక్క మనమూ రాయగలం.