నేతవారి చేతులకు స్నానపు నూనె

తలంటు సంగతి మన యిండ్లలో ఎవరికీ నేర్పనక్కరలేదు. సేలములో నున్నను, సోలాపురములో నున్నను, బరంపురములో నున్నను దీపావళినాడు నువ్వుల నూనె గిన్నె వెచ్చబడవలసినదే. అయితే పండుగ నూనె పొడిబారిన చర్మమునకు చాలదు; రంగు తొట్టివద్ద పనిచేయువారికి అసలే చాలదు.

వ్యాట్ రంగులలో వాడు కాస్టిక్ సోడా చర్మములోని సహజమైన జిడ్డును తీసివేయును. అది చాలక, చేతి మరకలు పోవుటకు బ్లీచింగు పొడితో రుద్దుకొనువారు కలరు. ఆ చర్మము బీటలు వారక ఏమగును? పగిలిన వ్రేలికి పట్టుపోగు తగులుకొని తెగును. పడుగు అతుకువారికి ఈ బాధ వేరుగా చెప్పనేల?

నూనె చర్మమునకు నీటి నీయదు; లోపలనున్న తేమను ఆరిపోనీయక ఆపును. కనుక స్నానము కాగానే తువ్వాలుతో అద్దుకొని, కొంచెము తడి యుండగనే చేతులకు, పిక్కలకు, మడమలకు నూనె పలుచగా రాయవలెను. తలంటులో మనము చేయునది దీనికి తలక్రిందులు. ముందు నూనె, ఆపైన సున్నిపిండి, కుంకుడు రసము, పొగలు గ్రక్కు నీరు! రాసిన నూనెలో చాల భాగము నీళ్లపాలగును. తలంటు మానుమనుట లేదు. నీరు గోరువెచ్చగా నుంచుకొని, తరువాత మరల నాలుగు చుక్కలు రాసుకొనుడు.

ఏ నూనె మంచిది? 2004లో ప్రకటితమైన ఒక పరీక్షలో పొడిచర్మము గల 34 మందికి కొబ్బరినూనె, మినరల్ ఆయిల్ దాదాపు సమానముగా పనిచేసినవి. ఆవనూనె కొందరికి మంట పుట్టించును. ఇక నీటిలో కలుపుకొను ఖరీదైన సీసాల మాట. ఇంగ్లండు, వేల్సులలో ఎగ్జిమా గల 482 మంది పిల్లలపై జరిపిన పరీక్ష ఫలితము 2018లో వెలువడినది. ఒంటికి పూత రాసుకొనుచున్న ఆ పిల్లలకు, స్నానపు నీటిలో నూనె కలిపినందువలన అదనపు మేలు కానరాలేదు. ఆ డబ్బు దండుగ.

రాసుకొనుటకు రాత్రివేళయే తగినది. నూనె చేతితో నూలు ముట్టినచో మరక పడును, అచ్చట రంగు సమముగా అంటదు. ఉదయము చేతులు కడుగుకొనియే మగ్గము ఎక్కవలెను. స్నానాల గదిలో నూనె ఒలికినచో వెంటనే కడిగివేయుడు, వృద్ధులు జారిపడుదురు.

నూనె రాసుకొంటిమి గదా యని వట్టి చేతులు తొట్టిలో పెట్టరాదు. రబ్బరు తొడుగులు ఉండవలెను. వాని ఖర్చు కూలివాని నెత్తిన వేయుట న్యాయము కాదు. కాస్టిక్ మీద పడినచో నూనె పూయక, చాలసేపు ధారగా నీరు పోసి డాక్టరువద్దకు పోవలెను. చేతులు దురదపెట్టి రసి కారుచున్నను అంతే. అది రంగు పడకపోవుటవలన కావచ్చును.